ఊడిపోయే పళ్ళే గదా!

మంగళగిరి కొండ మీది పానకాల నరసింహస్వామికి బెల్లపు పానకం నివేదించే ఆచారం తెలుగువారందరూ ఎరిగినదే. అర్చకులు శంఖంతో పోసిన పానకంలో సగం స్వామి స్వీకరించి, తక్కిన సగం భక్తులకు ప్రసాదంగా విడిచిపెడతాడని విశ్వాసం. అంత బెల్లపు నీరు ఒలికే సన్నిధిలో చీమలు కనిపించవని కూడా తరతరాలుగా చెప్పుకొంటారు. కాని, ఆ ప్రసాదం త్రాగి మెట్లు దిగి వచ్చే పసివాని నోటి సంగతి వేరు. అక్కడ తీపి కోసం కాచుకొని ఉన్న జీవులు చీమలకంటె ఎంతో చిన్నవి, కంటికి కనిపించనివి. అవి తీపిని తిని ఆమ్లాన్ని విడుస్తాయి. ఆ ఆమ్లం పంటిని కొంచెం కొంచెంగా కరగిస్తుంది. పన్ను పుచ్చడమంటే ఇదే.

ఎప్పుడో ఒకనాడు త్రాగిన పానకం వల్ల ఏ పన్నూ పుచ్చదు. రోజూ పదిసార్లు నోటిలో పడే తీపి వల్ల పుచ్చుతుంది. మగ్గం ముందు కూర్చున్న తల్లికైనా, ఆఫీసు పనిలో ఉన్న తల్లికైనా, ఏడ్చే బిడ్డను ఊరుకోబెట్టడానికి ఒక బిస్కట్టో, చాక్లెట్టో చేతికియ్యడం సులభమైన ఉపాయంగా తోస్తుంది. పంచదార పాలసీసా నోటిలో ఉంచుకొని నిద్రపోయే పిల్లలు ఎందరో ఉన్నారు. నిద్రలో లాలాజలం తక్కువగా ఊరుతుంది. అందువల్ల ఆ పాలు పళ్ళ చుట్టూ రాత్రంతా నిలిచిపోతాయి. మొదట చిగురు అంచున సుద్దవంటి తెల్లని గీత కనిపిస్తుంది. తరువాత అది గోధుమ రంగుకు తిరుగుతుంది. పిమ్మట గుంట పడుతుంది. పాలపళ్ళ పైపొర పలుచన, లోపలి దంతమజ్జ పెద్దది. కనుక పెద్దల పళ్ళలో చాలాకాలం పట్టే చెరుపు, పిల్లల పళ్ళలో కొద్ది నెలలలోనే లోపలికి చేరగలదు.

ఇక్కడ ప్రతి ఇంటికీ పరిచితమైన ఒక దృశ్యాన్ని ఊహించుకొందాము. ఐదేళ్ళ పిల్లవాడు అర్ధరాత్రి లేచి, చెంప పట్టుకొని ఏడుస్తాడు. నాయనమ్మ లవంగనూనెలో దూది ముంచి పెడుతుంది. తాతగారు, "పాలపళ్ళే గదా, రేపో మాపో ఊడిపోయేవే, దీనికి డాక్టరెందుకు?" అంటారు. నాలుగు రోజులలో నొప్పి దానంతటదే తగ్గుతుంది. ఇంటిల్లిపాదీ ఊరట చెందుతారు. నిజానికి అనుమానించవలసిన సమయం అదే. నొప్పి తెలియజేసే దంతమజ్జ చచ్చిపోయినందువల్ల కూడా నొప్పి అణగవచ్చు. వ్యాధి మాత్రం వేళ్ళ చివరకు దిగి, ఎముకలో చీము పట్టిస్తుంది. కొన్నాళ్ళకు చిగురు మీద చిన్న కురుపు లేస్తుంది, చితుకుతుంది, మళ్ళీ లేస్తుంది. తరువాత ఒక ఉదయం బిడ్డ చెంప వాచి, జ్వరంతో లేస్తాడు.

తాతగారి మాటలో సగం నిజమున్నది, పాలపళ్ళు ఊడిపోయేవే. అయితే ఎప్పుడు ఊడతాయి? పాలపళ్ళు 20. ఆరవ నెల ప్రాంతంలో మొదలై, మూడేళ్ళు నిండేనాటికి అన్నీ వస్తాయి. ముందరి పళ్ళు ఆరేడేళ్ళకే కదలుతాయి. నమిలే దవడ పళ్ళు మాత్రం తొమ్మిది మొదలు పన్నెండేళ్ళ మధ్యనే ఊడుతాయి. అనగా, ఐదేళ్ళవానికి పుచ్చిన దవడపన్ను ఇంకా ఐదారేళ్ళు అన్నం నమలవలసిన పన్ను. పైగా దాని వేళ్ళ నడుమనే, ఎముకలో, రేపటి శాశ్వత దంతం రూపొందుతూ ఉంటుంది. పైపంటి చీము ఆ లేత దంతానికి సోకితే, దాని పైపొర మచ్చలతోనో లోపంతోనో తయారు కావచ్చు. పాలపన్ను కాలానికి ముందే పోతే, ప్రక్కపళ్ళు ఆ ఖాళీలోకి ఒరిగి, క్రొత్త పంటికి దారి లేకుండా చేయవచ్చు. మంగళగిరి నేతగాండ్రకు ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు. పడుగులో ఒక పోగు తెగితే అప్పుడే అతుకుతారు గాని, చీర పూర్తి అయిన తరువాత చూసుకొందామని ఊరుకోరు.

మరొక పొరపాటు కూడా సర్వసాధారణం. ఆరవయేట, ఏ పన్నూ ఊడకుండానే, చివరి పాలపంటి వెనుక ఒక పెద్ద దవడపన్ను వస్తుంది. తల్లిదండ్రులు దానిని కూడా పాలపన్నుగా భావించి ఉపేక్షిస్తారు. అది ముసలితనం దాకా ఉండవలసిన శాశ్వత దంతం.

ఇక చికిత్స మాట. చెడిన పాలపంటిని పీకివేయడం ఒక్కటే మార్గమన్న కాలం గతించింది. చెరుపు పైపొరలోనే ఉంటే ఫ్లోరైడు పూతతో దానిని ఆపవచ్చు. చిన్న గుంట అయితే శుభ్రపరచి సిమెంటుతో నింపుతారు. మర యంత్రానికి భయపడే పసిపిల్లలకు సిల్వర్ డయమీన్ ఫ్లోరైడు అనే ద్రవాన్ని పుచ్చు మీద రాస్తే, చాలా సందర్భాలలో చెరుపు అక్కడికి నిలిచిపోతుంది. పుచ్చిన భాగం నల్లబడడం దానిలోని ముఖ్యమైన లోపం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ మందును, ఫ్లోరైడు పేస్టును, గ్లాస్ అయనోమర్ సిమెంటును అత్యవసర ఔషధాల పట్టికలో చేర్చింది. స్కాట్లండు దంతవైద్యురాలు నార్నా హాల్ పేర ప్రసిద్ధమైన మరొక పద్ధతిలో, మజ్జ చెడని దవడపంటిని మరతో తొలవకుండానే దాని మీద ఉక్కు తొడుగు బిగిస్తారు. లోపలి క్రిములకు ఆహారం అందక చెరుపు ఆగిపోతుంది.

చెరుపు మజ్జను తాకితే, పైభాగంలోని మజ్జను మాత్రం తొలగించి, వేళ్ళలోని సజీవ భాగాన్ని మందుతో కాపాడతారు. దీనిని పల్పాటమీ అంటారు. మజ్జ అంతా చచ్చి చీము పట్టిన పంటికి వేళ్ళ కాలువలను పూర్తిగా శుభ్రం చేసి, కరగిపోయే ముద్దతో నింపుతారు. క్రింది పన్ను పైకి వచ్చే వేళకు పాలపంటి వేళ్ళు కరగాలి గదా! ఆ మందు కూడా వాటితోపాటే కరగవలెను. పెద్దల పంటి చికిత్సకూ దీనికీ ఉన్న ముఖ్యమైన భేదం ఇది. పన్ను నిలిపే స్థితిలో లేకపోతే తీసివేసి, అవసరమైనచోట ఆ జాగా మూసుకొనిపోకుండా చిన్న తీగ సాధనాన్ని అమరుస్తారు. గుండెజబ్బు ఉన్న పిల్లల విషయం చికిత్సకు ముందే వైద్యునికి చెప్పవలెను.

వాపు వచ్చినప్పుడు మందుల దుకాణంలో యాంటీబయాటిక్ కొని వేసి, వాపు తగ్గగానే మరచిపోవడం ప్రమాదకరం. వ్యాధికి మూలం పంటిలోనే ఉన్నది. దానిని శుభ్రం చేయడమో, తీసివేయడమో జరగనిదే వాపు మళ్ళీ వస్తుంది. చెంప వాపుతో జ్వరం ఉంటే ఆనాడే వైద్యుని చూడవలెను. కన్ను మూసుకొనిపోయేటంత వాపు గాని, దవడ క్రింద వాపు గాని, నోరు తెరవలేకపోవడం, గుటక పడకపోవడం, ఊపిరి ఆడకపోవడం గాని కనిపిస్తే, తెల్లవారే దాకా ఆగకుండా పెద్ద ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. ఇది ప్రాణాపాయ స్థితి.

పుచ్చులో పొగాకు పెట్టడం, జిల్లేడు పాలు పోయడం, ఆస్పిరిన్ బిళ్ళ నొక్కి ఉంచడం నోటిని కాల్చివేస్తాయి. పిల్లలకు ఆస్పిరిన్ మ్రింగించనూ రాదు. పంటిలో పురుగును తీసి చూపిస్తామని వీధుల వెంట తిరిగేవారి మాటలు నమ్మవద్దు. పంటిలో పురుగు ఉండదని ఫ్రెంచి వైద్యుడు పియేర్ ఫోషార్ 1728లోనే గ్రంథస్థం చేశాడు.

మన ప్రాంతంవారు వైద్యానికి దూరదేశాలు పోనక్కరలేదు. మంగళగిరిలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో దంతవైద్య విభాగమున్నది. విజయవాడలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉన్నది. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద అంగన్‌వాడీలలోను, ప్రభుత్వ పాఠశాలలలోను జరిగే పరీక్షలలో పళ్ళ జబ్బులు కూడా చేరి ఉన్నాయి. కొరవడినది మన శ్రద్ధ ఒక్కటే. ప్రపంచంలో 51 కోట్లకు పైగా పిల్లల పాలపళ్ళు పుచ్చి ఉన్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసింది.

నివారణ చికిత్సకంటె తేలిక. మొదటి పన్ను వచ్చిన నాటినుండి ఉదయం ఒకసారి, నిద్రకు ముందు ఒకసారి తోమవలెను. ఫ్లోరైడు పేస్టు మూడేళ్ళలోపువారికి బియ్యపుగింజంత, ఆరేళ్ళలోపువారికి బఠాణీగింజంత చాలు. కనిగిరి ప్రాంతంలో వలె త్రాగునీటిలో ఫ్లోరైడు అధికంగా ఉన్నచోట వైద్యుని సలహా తీసుకోవలెను. ఏడెనిమిదేళ్ళు వచ్చేవరకు తోమే చెయ్యి పెద్దలదే కావలెను. తీపి పదార్థాలు భోజన సమయానికి పరిమితమైతే మేలు. తోమిన తరువాత మంచినీరు తప్ప మరేదీ నోటికి ఇవ్వకూడదు. మొదటి పుట్టినరోజునాటికే ఒకసారి దంతవైద్యునికి చూపించడం మంచిది.

ఈ రాత్రి బిడ్డను నిద్రపుచ్చేముందు, దీపపు వెలుగులో పైపెదవి ఒకసారి ఎత్తి చూడండి. చిగురు అంచున తెల్లని గీతగాని, గోధుమరంగు మచ్చగాని కనిపిస్తే, బిడ్డకు నొప్పి లేదని ఊరుకోవద్దు. నొప్పి వచ్చిననాటికి పని పెద్దదవుతుంది. ఊడిపోయే పళ్ళే, కాని వాటి వేళకు అవి ఊడిపోయేదాకా వాటిని కాపాడే పూచీ మనది.