రింగుల కాలు, ఏడాది కాలం



మన కంబదూరు మండలంలో కాలు ఎట్లా విరుగుతుందో ఎవరికీ చెప్పక్కర్లేదు. బోరు మోటారు పైకి లాగేటప్పుడు పైపు జారుతుంది. రాత్రిపూట కళ్యాణదుర్గం రోడ్డులో బైకు పడుతుంది. మోకాలి కింద ముందువైపు తడిమి చూడండి, ఎముక మీద చర్మమే తప్ప కండ లేదు. విరిగితే ఎముక చర్మాన్ని చీల్చుకొని బయటపడుతుంది, మట్టి లోపలికి పోతుంది. అలాంటి గాయం మీద నాటు కట్టు వేయించకూడదు. ఆ రోజే ఆసుపత్రిలో కడిగించాలి. ఈ ఒక్క మాట ఇంటింటికీ చేరినా మాకు చాలు.

పుండు మానినట్టే ఉండి నెలల తర్వాత మళ్లీ చీము కారుతుంటే లోపల ఎముక ముక్క చచ్చి ఉండవచ్చు. దానికి రక్తం అందదు, రక్తం పోని చోటికి మందూ పోదు. అందుకే మాత్రలు ఎన్ని మార్చినా చీము ఆగదు. డాక్టర్లు ఆ ముక్కను తీసేస్తారు, అవసరమైతే పిక్క కండను తిప్పి పుండును కప్పుతారు.

మరి ఎముక లేని ఖాళీ? సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజరోవ్ అనే డాక్టర్ 1950లలో దీనికి దారి కనిపెట్టారు. ఇటలీ పర్వతారోహకుడు కార్లో మౌరి ఏళ్ల తరబడి అతకని కాలితో 1980లో అక్కడికి వెళ్లి బాగుపడి వచ్చాకే పశ్చిమ దేశాలు ఆ పద్ధతిని పట్టించుకున్నాయి. కాలు చుట్టూ రింగులు బిగించి, మంచి ఎముకను ఒకచోట కోసి, వారం పదిరోజులు ఆగి, నట్లు తిప్పుతూ రోజుకు 1 మిల్లీమీటరు జరుపుతారు, అదీ నాలుగు విడతలుగా. జరిగిన ముక్క వెనక కొత్త ఎముక పుడుతుంది. 6 సెంటీమీటర్ల ఖాళీకి 60 రోజులు. అది గట్టిపడడానికి ఇంకా నెలలు పడుతుంది. మొత్తం మీద ఏడాది కావచ్చు. బీడీ తాగేవారికి ఇంకా ఆలస్యం (వినేవారు తక్కువే అయినా చెబుతూనే ఉంటాం).

కార్డు ఉన్నవారు ఆపరేషన్ ఖర్చు గురించి ముందు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి. మా బెంగ ఆపరేషన్ గురించి కాదు, తర్వాతి నెలల గురించి. మనిషి మంచాన ఉంటే, కమ్మీల చుట్టూ శుభ్రం చేసే భార్య కూడా కూలికి పోలేదు. కళ్యాణదుర్గంలో బస్సు మారి అనంతపురం పోవాలంటే ఇద్దరికీ చార్జీలు. డబ్బు లేక రెండుసార్లు చూపించుకోకపోతే కమ్మీల దగ్గర మళ్లీ చీము పడుతుంది.

మనమేమో రంజాన్‌లో ఒక్కసారి చేతిలో పెట్టి వచ్చేస్తున్నాం. అది షాబాన్ దాకా వస్తుందా? జకాత్‌ను నిలిపి నెలనెలా ఇవ్వవచ్చా అన్నది ఉలమాను అడిగి చేద్దాం. సదఖాకు ఆ చిక్కు లేదు. కాబట్టి రింగులు తీసేదాకా ఆ ఇంటికి నెలకింత బియ్యం, బస్సు చార్జీలు సదఖా నుంచి ఇద్దామని ప్రతిపాదిస్తున్నాం.

ఇంకొకటి. వుజూకు నీళ్లు తగలకూడదని నమాజే మానేసేవాళ్లు ఉన్నారు. కట్టు మీద తడి చేత్తో మసహ్ చేస్తే చాలు, కూర్చొని చదువుకోవచ్చు. మౌల్వీ సాబ్ ఇంటికి వెళ్లి చెబితే వాళ్లకు ధైర్యంగా ఉంటుంది.

నెలనెలా ఇవ్వగలిగినవారు ఈ జుమా తర్వాత పేర్లు రాయించండి.