పనుల లెక్కకు ఉచిత సాఫ్ట్‌వేర్: ఏది తీసుకున్నాం, ఎందుకు తీసుకున్నాం
(కమలాపురం మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డబ్బు లెక్క మనకు కొత్త కాదు. పొదుపు, అంతర్గత అప్పు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి కంతు, అన్నిటికీ పుస్తకాలున్నాయి. పని లెక్కకే పుస్తకం లేదు. ఏ సంఘం అప్పు రెన్యువల్‌కు వచ్చింది, తీర్మానం కాపీ ఎవరు తేవాల, చనిపోయిన సభ్యురాలి బీమా కాగితాలు ఎవరి దగ్గర ఆగినాయి, ఇవన్నీ మన తలల్లోనో వాట్సాప్ గ్రూపులోనో ఉంటాయి. గ్రూపులో పొద్దున పెట్టిన మాట సాయంత్రానికి గుడ్ మార్నింగ్ బొమ్మల కింద పడిపోతుంది. కంతు గడువు దాటితే సున్నా వడ్డీ అర్హత పోతుంది. ఆ దెబ్బ ఒకరికి కాదు, సంఘంలో అందరికీ తగుల్తుంది. అందుకే ఉచితంగా దొరికే పనుల సాఫ్ట్‌వేర్లను ఈ ఏడాది కూర్చుని చూసినాం.

మొదట చూసింది ట్రెల్లో. 2011లో అమెరికాలో వచ్చింది, 2017లో అట్లాసియన్ అనే ఆస్ట్రేలియా కంపెనీ కొనుక్కుంది. తెర మీద వరుసలుంటాయి: చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. ఒక్కో పనికి ఒక్కో చీటీ. పని కదిలేకొద్దీ చీటీని పక్క వరుసలోకి జరపాల. ఈ చీటీల పద్ధతి కంప్యూటర్ వాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు, జపాన్‌లో టయోటా కార్ల ఫ్యాక్టరీలో కాన్‌బాన్ అనే పేరుతో ఎప్పుడో నడిచింది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ ఉచిత ఖాతాలో ఒక జట్టుకు పదిమందే, మనమేమో అంతకంటే ఎక్కువ. ఆసనాలో కూడా ఉచితానికి మనుషుల లెక్క ఉంది.

ఇంకో సంగతి. వండర్‌లిస్ట్ అని జర్మనీలో ఒక ఉచిత యాప్ ఉండేది, చానామంది వాడినారు. 2015లో మైక్రోసాఫ్ట్ కొనింది, 2020 మేలో మూసేసింది. వాడేవాళ్లను మైక్రోసాఫ్ట్ టు డూలోకి మారమంది. కాబట్టి ఏ ఉచిత యాప్‌నైనా అడగాల్సిన మొదటి ప్రశ్న: మన రాతలు మనం ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి తీసుకోవచ్చునా?

సంఘమిత్రలు మాత్రం సూటిగా అడిగినారు: “ఇంకో యాపా అక్కా?” వాళ్ల మాట న్యాయమే. ఉన్న యాప్‌లలో ఎక్కించిందే మళ్లీ ఎక్కించాలంటే ఎవరికైనా విసుగే.

చివరికి గూగుల్ షీట్స్‌లో ఒక పట్టికతో సరిపెట్టుకున్నాం. ఐదు గళ్లు: పని, ఏ గ్రామ సంఘం, ఎవరు చేయాల, ఎప్పటిలోగా, ఎంతవరకు వచ్చింది. తెలుగులో రాయొచ్చు, రాయడం రాకుంటే మైకు నొక్కి చెప్పొచ్చు. ఎక్సెల్ ఫైలుగా దించుకోవచ్చు. గడువు దగ్గరపడితే ట్రెల్లో మాదిరి దానంతట అది గుర్తు చేయదు, ఆ లోటు ఉంది. అందుకని సోమవారం సోమవారం ఆఫీసు నుంచి ఫోన్ చేసి ఆ వారం గడువులు చదివి వినిపిస్తాం. బటన్ ఫోన్ ఉన్న అక్కలకు ఇదే మేలు. నెల సమావేశం రోజు పట్టిక ప్రింటు గోడకు అంటిస్తాం.

రెండు కట్టుబాట్లు పెట్టుకున్నాం. ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు, ఎవరు ఎంత బాకీ ఉన్నారన్న సంగతి ఇందులో రాయకూడదు. “రెన్యువల్ కాగితాలు” అంటే చాలు, ఎవరి ఇంటి కష్టం పదిమంది ఫోన్లలో తిరగాల్సిన పని లేదు. లింకు దొరికినోళ్లందరికీ తెరుచుకునేట్టు కాకుండా, మెయిల్ పేర్లు ఇచ్చిన వాళ్లకే తెరుచుకునేట్టు పెట్టినాం. రెండోది, ఖాతా సమాఖ్య పేరున, ఆఫీసు సిమ్ నంబరు మీద ఉంటుంది. పదవులు మారతాయి, సిబ్బందికి బదిలీలవుతాయి, పట్టిక వాళ్లతో పాటు పోకూడదు.

శిక్షణకు వచ్చేటప్పుడు ఫోన్‌కు ఛార్జింగ్ పెట్టుకొని, మెయిల్ పాస్‌వర్డ్ మతికి తెచ్చుకొని రండి. మెయిల్ లేనివాళ్లకు అక్కడే తెరిపిస్తాం.