నోటిలోని వైరసు, మనసులోని భయము

మాకు వచ్చు లేఖలలో కొన్నింటికి పేరుండదు, చిరునామా యుండదు. ఇటీవల మాచర్ల ప్రాంతము నుండి చేరిన లేఖ అట్టిది. వ్రాసినవాడు మిరపచేలు గల కుటుంబములోని యువకుడు. రానున్న మాఘమాసములో అతనికి వివాహము. కొన్ని నెలల క్రిందట ఒక స్త్రీతో ఏర్పడిన సాన్నిహిత్యములో నోటితో సంపర్కము కలిగినదట. తరువాత హెచ్.పి.వి. అను వైరసును గూర్చియు, దానివలన వచ్చు గొంతు కాన్సరును గూర్చియు చదివినాడట. నాటి నుండి ప్రతి ఉదయము సెల్‌ఫోను లైటు వేసికొని అద్దములో నాలుక చూచుకొనుచున్నాడు. నాలుక మొదట బొడిపెలు కనిపించినవి. "ఈ పెండ్లి చేసికొని ఒక ఆడపిల్ల బ్రతుకు పాడుచేయవచ్చునా?" అని అడిగినాడు.

చిరునామా లేని లేఖకు జాబు వ్రాయలేము. ఇదే ప్రశ్న నరసరావుపేటలోను, గురజాలలోను మరికొందరి మనసులలో నుండవచ్చును గనుక అందరికిని వినబడునట్లు సమాధానము చెప్పుట మేలని తలచితిమి. ఇంటిల్లిపాదియు వినుచుండగా ఇట్టి మాట ఏమిటని పెద్దలు సంకోచింపవలదు. చెప్పుకొనలేని భయమే ఎక్కువ బాధించును.

ముందుగా ఆ బొడిపెల సంగతి. నాలుక వెనుకభాగమున బాణపు మొన వలె వరుస తీరి, సాధారణముగా 8 మొదలు 12 వరకు గుండ్రని బొడిపెలు ప్రతి మానవునికిని ఉండును. రుచి తెలియుటకు అవి తోడ్పడును. కలత లేనినాడు వానిని ఎవరును వెదకి చూడరు; కలత పుట్టిన నాడు అవియే రోగముగా తోచును.

ఇక వైరసు మాట. హెచ్.పి.వి.లో 200కు పైగా రకములు కలవు. పెక్కు రకములు హాని చేయవు. కొన్ని పులిపిరులు కలిగించును. ఏ పదునాలుగో కాన్సరుకు దారితీయగలవు. వానిలో 16వ రకము ముఖ్యమైనది. గర్భాశయ ముఖద్వార కాన్సరుతో దీనికి గల సంబంధమును కనుగొన్న జర్మను శాస్త్రజ్ఞుడు హరాల్డ్ త్సుర్ హౌసెనునకు 2008లో నోబెల్ బహుమానము లభించినది. ఈ రకమే గొంతులోని టాన్సిల్సునందును, నాలుక మొదటనున్న భాగమునందును కొందరికి కాన్సరు కలిగించును.

ఆ 'కొందరు' ఎంతమందియో తెలియవలెను. అమెరికాలో 14 మొదలు 69 ఏండ్ల వయస్సు వారిని పరీక్షించి 2012లో ప్రకటించిన అధ్యయనములో, నూటికి సుమారు ఏడుగురి నోట హెచ్.పి.వి. కనిపించినది, 16వ రకము నూటికి ఒక్కరిలో మాత్రమే యున్నది. ఆ ఒక్కరిలోను కాన్సరు రావడము అరుదు. సాధారణముగా ఒకటి రెండేండ్లలో దేహమే వైరసును తొలగించుకొనును. సంపర్కము కలిగిన ప్రతివారికిని వైరసు సోకదు. సోకిన ప్రతివారిలోను నిలువదు. నిలిచిన ప్రతివారికిని కాన్సరు రాదు. వచ్చినను దానికి పెక్కు సంవత్సరములు పట్టును.

నోటిలో హెచ్.పి.వి. కలదో లేదో తెలిసికొనుటకు ఆరోగ్యవంతులకు వైద్యులు సిఫారసు చేయు పరీక్ష ఏదియు లేదు. దానికై లాబొరేటరీల చుట్టు తిరిగి డబ్బు పోగొట్టుకొనవలదు. హెచ్.ఐ.వి., సిఫిలిస్ అను వ్యాధుల మాట వేరు. వానికి నమ్మదగిన పరీక్షలున్నవి. ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా, గోప్యముగా చేయుదురు. సందేహమున్నవారు పెండ్లికి ముందే చేయించుకొనుట ఉచితము.

ఆ లేఖ చివర ఒక మాట యున్నది: నిద్రపట్టక సిగరెట్లు పెరిగినవని. మమ్ము భయపెట్టినది ఆ మాట. మన దేశమున నోటి కాన్సరునకు ముఖ్య కారణములు చుట్ట, బీడీ, సిగరెట్టు, ఖైనీ, గుట్కా, వక్క. రానున్నదో లేదో తెలియని శత్రువునకు వెరచి, తెలిసిన శత్రువును ఇంటికి పిలుచుకొనుట వివేకము కాదు.

పెండ్లి మానుకొనవలసిన పని లేదు. వధువు క్షేమము కోరువాడు చేయదగిన పనులు కలవు. స్త్రీలకు 30 ఏండ్లు దాటినది మొదలు ప్రభుత్వ వైద్యశాలలలో గర్భాశయ ముఖద్వార పరీక్ష జరుగును. భార్యను తానే వెంటబెట్టుకొని పోవచ్చును. రేపు ఆడపిల్ల పుట్టినచో 9 మొదలు 14 ఏండ్ల లోపల హెచ్.పి.వి. టీకా వేయించవచ్చును. ఈ టీకా అనగానే మన తల్లులకు 2009 నాటి ఖమ్మము జిల్లా ఉదంతము జ్ఞప్తికి వచ్చును. అక్కడ సుమారు 14,000 మంది బాలికలకు టీకా వేసిరి. కొన్ని మరణములు సంభవింపగా 2010లో కార్యక్రమమును నిలిపివేసిరి. తల్లిదండ్రులకు బదులు వసతిగృహముల వారు సంతకములు చేసిన తప్పులు విచారణలో బయటపడెను. మరణములకు టీకా కారణమని మాత్రము తేలలేదు. తప్పు జరిగినది అనుమతి తీసికొను పద్ధతిలో.

భయమునకు ఒక స్వభావమున్నది. అద్దము చూచిన ప్రతిసారియు పది నిమిషములు ఊరట కలుగును. పిమ్మట రెట్టింపై మరలి వచ్చును. కనుక ఒక్కసారి చెవి, ముక్కు, గొంతు వైద్యునికి నరసరావుపేటలోనో, గుంటూరులోనో చూపించి, ఆయన మాటతో సరిపెట్టుకొనవలెను. మూడు వారములకును మానని పుండు, మెడలో నొప్పిలేని గడ్డ, మ్రింగుటకు కష్టము, తగ్గని బొంగురు గొంతు, వీనిలో ఏది కనిపించినను మరల పోవలెను. అంతవరకు వెదకులాట వలదు. అప్పటికిని మనసు కుదుటపడనిచో, 2022లో ప్రారంభమైన టెలి మానస్‌కు 14416 సంఖ్యపై ఫోను చేయవచ్చును. పగలైనను రాత్రియైనను తెలుగులోనే మాటలాడుదురు.

నాయనా, నీ పేరు మాకు తెలియదు. ఈ మాటలు నీ చెవిని పడినచో, రేపటి ఉదయము నుండి అద్దమును గడ్డము గీచికొనుటకు మాత్రమే వాడుకొనుమని కోరుచున్నాము.