తెలివి ఎక్కువైతే సుఖం తక్కువా?

(సిర్గాపూర్‌లో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తెలివితేటలకూ సుఖానికీ సంబంధం ఉందా అన్న విషయం మీద మాట్లాడమన్నారు. కూలి రేట్లు, పట్టాలు, పింఛన్లు, చెరుకు నరకడానికి వలస వెళ్లే తండాలు, ఇన్ని సమస్యలుండగా ఇదేం చర్చ అని కొందరికి అనిపించవచ్చు. కానీ పదో తరగతి పాసైన ఆడపిల్లను కాలేజీకి పంపమని అడగడానికి వెళ్లిన ప్రతి కార్యకర్తకూ ఈ ప్రశ్న గుమ్మంలోనే ఎదురవుతుంది. "ఎక్కువ చదివితే తెలివి మీరుతది. తెలివి మీరిన పిల్ల ఏ ఇంట్ల సుఖపడతది?" అంటారు. తండ్రే కాదు, తల్లి కూడా అంటుంది. "మాకు సదువొచ్చా? మేం బతుకలేదా?" అని ఎదురు అడుగుతుంది. అంటే పిల్ల సుఖం పేరు చెప్పే పిల్ల చదువు మాన్పిస్తున్నారు. ఆడపిల్ల పెళ్లికి 18 ఏళ్లు నిండాలని 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం చెబుతుంది. ఆ చట్టం గురించి మనం బాగానే చెప్తాం. ఈ మాటకు మాత్రం జవాబు చెప్పకుండానే లేచి వచ్చేస్తుంటాం.

ఇది కొత్త మాట కాదు. భండారు అచ్చమాంబ 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసి నూట ఇరవై ఏళ్లు దాటింది. ఆడవాళ్లు పుట్టుకతోనే తెలివి తక్కువవాళ్లనీ, చదివితే చెడిపోతారనీ అనేవాళ్లకు జవాబుగా ఆమె ఎందరో స్త్రీల చరిత్రలు సేకరించింది. 1874లో పుట్టి 1905లోనే చనిపోయిన మనిషి ఆమె. ఆ రెండు నిందలూ ఒకదానికొకటి పొసగవని గమనించారా? తెలివే లేనివాళ్లయితే వాళ్లకు నాలుగక్షరాలు వస్తాయంటే అంత భయం దేనికి?

మన భాషను చూసినా ఈ భయం కనిపిస్తుంది. ఆడపిల్లకు "బుద్ధిగా ఉండు" అని చెప్తే, బుద్ధి ఉపయోగించమని అర్థం కాదు. నోరు మూసుకుని చెప్పినట్టు వినమని అర్థం. నిజంగా బుద్ధి ఉపయోగిస్తే దానికి వేరే పేర్లున్నాయి: గడుసుది, నోరుగల్లది, అతితెలివిది. ఇంకా ముందుకు పోతే బాణామతి. మందూ మాకూ ఎరిగిన ఒంటరి ఆడదాన్ని బాణామతి చేస్తుందని కొట్టిన సంఘటనలు ఈ మెదక్ ప్రాంతంలో ఎన్నో విన్నాం.

సరే, పరిశోధనలు ఏమంటున్నాయి? ఇంగ్లండులో 2007లో మానసిక ఆరోగ్యం మీద పెద్ద సర్వే జరిగింది. అందులో 6,870 మంది ఇచ్చిన జవాబులను పరిశీలించి 2012లో ఒక వ్యాసం ప్రచురించారు. తెలివి ఎక్కువైనవాళ్లు ఎక్కువ దుఃఖపడతారని లోకం అనుకుంటుంది కదా, అక్కడ తేలింది దానికి వ్యతిరేకం. తెలివి పరీక్షలో తక్కువ వచ్చినవాళ్లలోనే సంతోషంగా ఉన్నామన్నవాళ్లు తక్కువ. ఎందుకని చూస్తే, ఆ తేడాలో చాలా భాగానికి కారణాలు వేరే ఉన్నాయి. వాళ్ల ఆదాయం తక్కువ, ఆరోగ్యం అంతంతమాత్రం, రోజువారీ పనులకు ఇంకొకరి మీద ఆధారపడాలి. కాబట్టి వాళ్ల సుఖాన్ని తగ్గించింది తెలివితక్కువతనం ఒక్కటే కాదు, తెలివి తక్కువవాళ్లని సమాజం వాళ్లకు కేటాయించిన బతుకు కూడా.

ఇంకో తమాషా ఉంది. ఆ సర్వేలో తెలివిని ఎలా కొలిచారంటే, కొన్ని ఇంగ్లీషు మాటలు ఇచ్చి పైకి చదవమన్నారు. అక్కడి లెక్కలకు అది పనికొస్తుందేమో. కానీ 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి మెదక్ జిల్లాలో చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్లు సుమారు సగం మందే. అలాంటి కొలత ఇక్కడికి తెస్తే మిగతా సగం మంది తెలివి సున్నా అని వస్తుంది. ఆ సగంలోనే జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు ఎందరో ఉన్నారు. ఏ విత్తనం ఏ నేలకు పనికొస్తుందో, దేన్ని దేనితో కలిపి చల్లాలో, పురుగు పట్టకుండా ఎలా దాచాలో వాళ్ల తలల్లో ఉంది. 2008లో మాచనూరులో సంఘం రేడియో పెట్టి నడిపించింది కూడా ఆ మహిళలే. వాళ్ల తెలివికి మార్కులు వేసే కాగితం ఇంకా తయారు కాలేదు.

"ఏమీ తెలియనివాళ్లే అదృష్టవంతులు" అనే మాట ఎంత దూరం తీసుకెళ్తుందో ఒక్క ఉదాహరణ చెప్తాను. 1994లో మహారాష్ట్రలోని శిరూర్‌లో, బుద్ధిమాంద్యం ఉన్న ఆడపిల్లల ప్రభుత్వ వసతిగృహం నుంచి కొందరిని పూనా ఆసుపత్రికి తెచ్చి గర్భసంచులు తీసేశారు. నెలసరి శుభ్రత వాళ్లకు తెలియదన్నారు, వాళ్ల మంచికేనన్నారు. మహిళా సంఘాలు గట్టిగా పోరాడితేగాని అది హక్కుల విషయమని ఎవరికీ తట్టలేదు. ఆ పిల్లల్ని మాత్రం ఎవరూ అడగలేదు. సంతోషం సంగతి అటుంచి, నొప్పి గురించి కూడా అడగలేదు.

అడిగితే మాత్రం నిజం చెప్తారా? ఇది అసలైన చిక్కు. 1943 బెంగాల్ కరువు తర్వాత, 1944లో, కలకత్తాలోని ప్రజారోగ్య సంస్థ సింగూర్ ప్రాంతంలో సర్వే చేసింది. (మన మంజీర మీద సింగూరు కాదు, కలకత్తా దగ్గర ఊరు.) భార్య చనిపోయిన మగవాళ్లను, భర్త చనిపోయిన ఆడవాళ్లను ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు. మగవాళ్లలో 48.5 శాతం మంది జబ్బుగా ఉందనో, అంతంతమాత్రంగా ఉందనో చెప్పారు. ఆడవాళ్లలో అలా చెప్పింది 2.5 శాతం మంది మాత్రమే. కరువు దాటిన వితంతువుల ఆరోగ్యం అంత దివ్యంగా ఉంటుందా? అమర్త్యసేన్ ఈ లెక్కను ఎందుకు ప్రస్తావించాడంటే, తన ఆరోగ్యం గురించి ఫిర్యాదు చేసే హక్కు తనకుందని ఆ ఆడవాళ్లు ఎన్నడూ అనుకోలేదు కాబట్టి. మన అమ్మలు "మంచిగనే ఉన్నం బిడ్డా" అనేది ఇదే. "మేం బతుకలేదా" అన్న మాట కూడా ఇక్కడినుంచే వస్తుంది.

అయితే తెలిసినందువల్ల బాధ పెరగదా? పెరుగుతుంది. ఈ విషయం దాచిపెట్టి తల్లుల దగ్గరకు వెళ్తే వాళ్లు మనల్ని నమ్మరు. నెల్లూరు జిల్లాలో 1991లో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రి బడుల వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం ఉండేది, సారా వల్ల గుల్లయిన సంసారం కథ. అంతకు ముందు కూడా మొగుళ్లు తాగేవాళ్లు, కొట్టేవాళ్లు, కూలి డబ్బులు లాక్కునేవాళ్లు. తలరాత అని ఊరుకునేవాళ్లు. పాఠం చదివి మాట్లాడుకున్నాక ఆ ఊరుకోవడం పోయింది. అది ఎవరి ఇంటి తలరాతా కాదని, సారా పాటల మీద సర్కారుకు ఆదాయం వస్తోందని అర్థమైంది. 1992లో దూబగుంట ఆడవాళ్లు రోశమ్మతో కలిసి సారా దుకాణం మూయించారు. అది ఊరూరా పాకి 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. రెండేళ్లకే, 1997లో, మద్య నిషేధాన్ని సడలించారు, అది వేరే దుఃఖం.

ఆ పాఠం చదివిన రాత్రి ఆ ఆడవాళ్ల దగ్గరకు ఎవరైనా ఫారం పట్టుకెళ్లి సంతోషంగా ఉన్నారా అని అడిగి ఉంటే, ముందటేడు కంటే తక్కువ మార్కులే వచ్చేవి. ఆ తగ్గిన మార్కులను నష్టం కింద రాయడానికి నేను ఒప్పుకోను. అలాగే, తెలివి వచ్చీ దాన్ని వాడుకునే చోటు లేని ఆడదాని బాధ నిజమేనని కూడా ఒప్పుకుంటాను. డిగ్రీ చదివి, గడప దాటే వీల్లేని ఇంట్లో పడ్డ పిల్లలు మనకు తెలుసు. వాళ్లను చూపించి చదువు తప్పంటారు. గడప గురించి మాట్లాడరు.

ఇక మన పని సంగతి. మీరు తెచ్చిన కుటుంబ సర్వే ఫారాల్లో "జీవితంతో తృప్తిగా ఉన్నారా? అవును/కాదు" అని ఒక ప్రశ్న ఉంది. దాదాపు అన్నింట్లో "అవును" అనే ఉంది, చాలావాటికి అత్తగారు పక్కన కూర్చుని ఉండగా జవాబు రాసుకున్నారని మీరే చెప్పారు. దాని బదులు ఇవి అడగండి. ఒంట్లో బాగా లేకపోతే ఎన్నో రోజున దవాఖానకు పోయినవు? మొన్నటి కూలి ఎవరి చేతికొచ్చింది? ఎవర్నీ అడగకుండా ఎంత దూరం పోగలవు? బడి మానేసిన పిల్లనైతే, ఏ క్లాసులో మానినవు, మాన్పించమని ముందు ఎవరన్నరు? భోజనాలయ్యాక మండలాలవారీగా కూర్చుంటాం కదా, సిర్గాపూర్ వాళ్లు ఈ నాలుగు ప్రశ్నలూ ముందు మీలో మీరు ఒకరినొకరు అడిగి చూడండి. ఫారం సంగతి తర్వాత చూద్దాం.