సూర్యరశ్మి – మన మిద్దెలు – మన మీటర్లు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఉత్సవ సభలలో పూర్వస్మృతులు చెప్పుకొనడం పరిపాటి. అవి నాకంటె చక్కగా చెప్పగల పెద్దలు వేదికపై పలువురున్నారు. వృత్తిరీత్యా చిరకాలం విద్యుత్తుతో మెలగినవాడిని గనుక, రెండు నెలలకొకసారి ప్రతి ఇంటినీ కలవరపెట్టే ఈబీ బిల్లును గూర్చి, మన మిద్దెలమీద ఊరక పడిపోతున్న ఎండను గూర్చి నాలుగు మాటలు మనవి చేస్తాను.

విద్యుత్తు మన పేటకు కొత్త కాదు. దేశంలో తొలి విద్యుత్ ట్రాములు 1895లో ఈ నగర వీధులలోనే నడిచాయి, 1953లో ఆగిపోయాయి. మన సౌకార్‌పేటకు చేరువలోనే, బేసిన్ బ్రిడ్జి విద్యుత్ కేంద్రంలో బొగ్గు మండించి నగరానికి దీపాలు వెలిగించారు. ఆనాడు విద్యుత్తు సరఫరా చేసిన మద్రాస్ ఎలక్ట్రిక్ సప్లై కార్పొరేషన్‌ను 1947లో ప్రభుత్వం స్వాధీనం చేసుకొన్నది. 1957లో విద్యుత్ బోర్డు ఏర్పడినది. 2010లో ఆ బోర్డును విడదీసి కొత్త పేర్లు పెట్టినా మన నోట అది ఈబీయే! తరువాతి కాలంలో బొగ్గు ఎన్నూరుకు, అత్తిపట్టుకు జరిగినది. ఎన్నూరులోని పాత కేంద్రం 2017లో మూతపడినా, అత్తిపట్టు పొగగొట్టాలు మండుతూనే వచ్చాయి. మనం వృథా చేసే విద్యుత్తుకు మనం డబ్బు చెల్లిస్తాము. పొగను మాత్రం అక్కడి పిల్లలు పీలుస్తారు.

ఇక లెక్కలోకి వస్తాను. వెయ్యి వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే ఒక యూనిట్టు. ఇది పిల్లలకు తెలుసు, పెద్దలే మరచిపోతారు. 2016లో రెండు నెలలకు తొలి 100 యూనిట్లు ఇండ్లకు ఉచితం చేశారు. 2022 సెప్టెంబరులో సవరించిన పట్టికలో 500 యూనిట్ల వద్ద ఒక గట్టు ఉన్నది. ఆ గట్టు లోపల ఉన్నవారికి 101 నుండి 200 వరకు యూనిట్టుకు రెండుంబావు రూపాయలు. గట్టు దాటినవారికి అవే యూనిట్లకు నాలుగున్నర. పైవాటికి ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు దాకా పోతుంది. ఆ తరువాత ధరలు కొంత మారినవి గాని, పద్ధతి తెలియడానికి ఈ పట్టికనే తీసుకొందాము. 700 యూనిట్లు వాడిన ఇంటికి 3,650 రూపాయలు. అదే ఇల్లు 460కి దిగితే 1,485. తగ్గిన వాడుక మూడవ వంతు. తగ్గిన ధనం సగానికి మించినది. కనుక గట్టుకు కొంచెం పైన ఉన్న కుటుంబాలు ఈ విషయం ముఖ్యంగా ఆలోచించవలసి ఉన్నది.

ఆ 240 యూనిట్లు తగ్గించేదెట్లా? మిద్దెమీద ఒక కిలోవాట్ సౌరఫలకాలు పెడితే చాలునని వ్యాపారులు చెప్తారు. అది నిజమే. కిలోవాట్‌కు దాదాపు నూరు చదరపు అడుగుల చోటు, రోజుకు నాలుగు యూనిట్ల రాబడి, అరువది రోజులకు 240. కాని అంతకుముందు తల ఎత్తి పైన తిరిగే పంకాను చూడండి. పాత పంకా 75 వాట్లు తీసుకొంటుంది. బీఎల్‌డీసీ అనే కొత్త రకం 30 వాట్లతోనే అంత గాలి ఇస్తుంది. మన ఊరి ఉక్కలో దినానికి పదిహేను గంటలు తిరుగుతుందనుకొంటే, ఒక్కొక్క పంకాకు రెండు నెలలలో 40 యూనిట్లు మిగులుతాయి. నాలుగు పంకాలకు 160. పంకా వెల సుమారు మూడు వేలు. టీవీ ఆపినా దాని పెట్టె రాత్రింబవళ్ళు పది వాట్లు తాగుతుంటే నెలకు ఏడు యూనిట్లు. ఏసీని 24 డిగ్రీలకు పెంచితే ఒక్కొక్క డిగ్రీకి ఆరు శాతం చొప్పున ఆదా అని కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ చెప్తున్నది. సూర్యుణ్ణి కొనుక్కొనే ముందు ఇంట్లో కారిపోతున్నది ఆపుకొనడం చవక.

మన పేటకు ప్రత్యేకమైన నష్టం మరొకటి ఉన్నది. గోవిందప్ప నాయకన్ వీధిలో, కాశిచెట్టి వీధిలో పాత ఇండ్లు చూసినవారికి గుర్తుండే ఉంటుంది: గోడకు గోడ ఆనుకొని ఉన్నా, ఇంటి నడుమ ముంగిలి, దానిపైన ఆకాశం. వెలుతురూ గాలీ పైనుండి దిగేవి. స్థలానికి ధర పెరిగినకొద్దీ ఆ ముంగిళ్ళపై అంతస్తులు లేచాయి, గోదాములు వచ్చాయి. నేడు పట్టపగలు పన్నెండు గంటలకు దీపం వేస్తేగాని పిల్లవాడు పుస్తకం చదువలేని గదులు ఎన్ని లేవు! సూర్యుణ్ణి తలుపు బయట నిలిపి, బొగ్గుతో చేసిన వెలుతురును కొని తెచ్చుకొంటున్నాము. ఇల్లు తిరగకట్టేవారు ఒక నిలువు సందునైనా ఆకాశానికి విడిచిపెట్టాలని నా విన్నపం. ఫలకాలకంటె మేలైన సౌరశక్తి అదే.

ఫలకాల విషయంలో మీకు ఎవరూ చెప్పని సంగతులు రెండు మూడు చెప్పాలి. ఫలకంలోని కణాలు దండలో పూసలవలె వరుసగా కలిపి ఉంటాయి. ఒక మూల నీడ పడితే ఆ మూల మాత్రమే నష్టపోదు. దానితో కలిసిన వరుస అంతా కుంటుపడుతుంది. పక్కింటి నీళ్ళతొట్టి, సెల్‌ఫోన్ టవరు, ఆరవేసిన చీర – ఏదైనా చాలు. మన ఇరుకు వీధులలో ప్రక్క మేడ ఒక అంతస్తు ఎక్కువైతే మధ్యాహ్నానికే నీడ వచ్చేస్తుంది. కాబట్టి డబ్బు కట్టకముందు ఉదయం తొమ్మిదికి, పన్నెండుకు, మూడింటికి మిద్దె ఎక్కి నీడ ఎక్కడున్నదో సుద్దతో గీయండి. ఇది మీ ఇంటి పిల్లలు చేయగల పని. మార్గశిర మాసంలో సూర్యుడు దక్షిణానికి వాలినప్పుడు మరొకసారి గీస్తే మరీ మంచిది.

రెండవది: ఎండ ఎక్కువైతే విద్యుత్తు ఎక్కువని అనుకొంటాము. వెలుతురు కావాలి, వేడి కాదు. ఫలకం 25 డిగ్రీలు దాటి వేడెక్కిన ప్రతి డిగ్రీకి దాని శక్తి నూటికి మూడో వంతు భాగం మేర తగ్గుతుంది. మే నెలలో ఫలకం అరువది డిగ్రీలకు చేరితే పన్నెండు శాతం దాకా పోయినట్టే. అందుకే క్రింద గాలి ఆడేటట్లు ఎత్తుగా బిగించాలి. 2016 డిసెంబరునాటి వర్దా తుఫాను చూసినవారికి గట్టిగా కూడా బిగించాలని వేరే చెప్పనక్కరలేదు.

మూడవది ముఖ్యం. లైనుకు కలిపిన సాధారణ సౌరవ్యవస్థ, ఈబీ కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. తీగలు సరిచేయడానికి స్తంభమెక్కిన కార్మికునికి మన మిద్దెనుండి షాకు కొట్టరాదు గదా! బ్యాటరీ పెడితేనే చీకట్లో దీపం; దానికి ఖర్చు వేరు.

ఇక ఎండ ఎవరిది అనే ప్రశ్న. ఒక్కొక్క భవనంలో పది, పన్నెండు కుటుంబాలు, మిద్దె ఇంటి యజమానిది, బిల్లు అద్దెకున్నవారిది. 2024లో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు ముప్పది వేలు, మూడవదానికి పద్దెనిమిది వేలు, మొత్తం డెబ్బది ఎనిమిది వేల రూపాయల రాయితీ ఉన్నది. అది మిద్దెపై హక్కున్నవారికి అందుతుంది. రెండు గదుల ఇంట్లో రెండు వందల యూనిట్లతో గడుపుకొనే కుటుంబానికి ఫలకం అవసరమూ లేదు, లాభమూ లేదు; ఆ సంగతి నిర్మొహమాటంగా చెప్తున్నాను. వారి బాధ వేరు. చాలా చోట్ల యజమాని ఒకే మీటరు తీసుకొని, లోపల సబ్ మీటర్లు పెట్టి, అందరి వద్దా ఒకే హెచ్చు ధర వసూలు చేస్తాడు. అప్పుడు ప్రభుత్వం ఇచ్చిన ఉచిత యూనిట్లు ఆ పేద ఇంటికి చేరవు. ఈ సభలో యజమానులూ ఉన్నారు, అద్దెకున్నవారూ ఉన్నారు. అమ్మలారా, అయ్యలారా, ప్రతి కుటుంబానికీ ప్రత్యేక సర్వీసు తీసుకొనండి. దానికంటె పెద్ద ఉపకారం ఏ ఫలకమూ చేయలేదు.

అటుపిమ్మట అందరూ కలిసి చేయగలిగినది ఒకటున్నది. మెట్లమీది దీపాలు, నీళ్ళ మోటారు, లిఫ్టు – ఈ ఉమ్మడి ఖర్చు అందరూ పంచుకొనేదే. గృహసంఘాల ఉమ్మడి అవసరాలకు అదే పథకం కిలోవాట్‌కు పద్దెనిమిది వేలు ఇస్తున్నది. మోటారును సాయంత్రం కాక పగలు పదకొండు గంటలకు నడిపితే నీళ్ళు ఎండతోనే పైకి ఎక్కుతాయి.

చివరగా పాఠశాల కార్యవర్గం వారికి ఒక సూచన. బడి నడిచేది ఎండ ఉన్న వేళలలోనే. ఇంటికంటె బడికే సౌరవిద్యుత్తు అతుకుతుంది. మన మిద్దెమీద వెయ్యి చదరపు అడుగులు నీడలేనివి దొరికితే పది కిలోవాట్లు, అనగా దినానికి నలుబది యూనిట్లు. పూర్వ విద్యార్థుల నిధి నుండి దీనికి కొంత కేటాయిస్తే నా వంతు నేనిస్తాను. నీడలు గీసే పనికి తొమ్మిదవ తరగతి పిల్లలను వచ్చే శనివారం మిద్దె ఎక్కించండి. సుద్దముక్కలు, కొలత టేపు నేను తెస్తాను.