జ్వరం తగ్గిన రోజే జాగ్రత్త

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం "కణాలు, ఇన్ఫెక్షన్, రోగనిరోధక శక్తి". మెడికల్ కాలేజీలో నెలల తరబడి చెప్పే పాఠం ఇది. భోజనాలకు ముందు ఇరవై నిమిషాల్లో ముగించమన్నారు. అందుకని ఢిల్లీ, నోయిడా, గుర్‌గావ్‌లలో కాపురం చేసే వాళ్ళందరికీ తెలిసిన ఒక్క జబ్బును పట్టుకుని చెప్తాను. అది డెంగీ.

1996లో ఈ ఊళ్ళో డెంగీ ఎలా విరుచుకుపడిందో పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆ ఏడు ఢిల్లీలో లెక్కకు వచ్చిన కేసులు 10,252. చనిపోయినవాళ్ళు 423 మంది. అప్పుడు నేను యూనిఫారంలో ఇక్కడే ఉన్నాను. వార్డుల్లో మంచాలు చాలక వరండాల్లో పరుపులు వేశాం. 2015లో కేసులు అంతకంటే ఎక్కువే వచ్చాయి, 15,867. మరణాలు మాత్రం 60. కేసులు పెరిగినా చావులు ఎందుకు తగ్గాయి? కొత్త మందు ఏమన్నా వచ్చిందా అంటే, లేదు. డెంగీ వైరస్‌ను చంపే మందు ఇవాళ్టికీ చేతికి రాలేదు. వచ్చిందల్లా అవగాహన. లోపల ఏం జరుగుతుందో డాక్టర్లకు తెలిసి, సమయానికి సెలైన్ సరైన మోతాదులో ఎక్కించడం అలవాటైంది. ఆ "లోపల ఏం జరుగుతుంది" అన్నదే నా పాఠం.

ముందు కణం సంగతి. మన శరీరంలో ప్రతి కణానికీ రేషన్ కావాలి. ఆ రేషన్ పేరు ఏ.టి.పి. ఆక్సిజన్‌తో ఆహారాన్ని కాల్చి కణం దీన్ని తయారు చేసుకుంటుంది. ఇక్కడ మనవాడి పేరొకటి చెప్పుకోవాలి. 1929లో హార్వర్డులో ఫిస్క్ అనే ఆయనతో కలిసి కండరాల్లో ఈ ఏ.టి.పి.ని కనుక్కున్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. మన పిల్లలు బయాలజీలో ఏ.టి.పి. అని బట్టీ పడతారు గానీ, ఆ పేరు వెనక గోదావరి జిల్లా మనిషి ఉన్నాడని వాళ్ళకు ఎవరూ చెప్పరు.

కణం గోడ మీద ఒక పంపు ఉంటుంది. లోపలికి వచ్చిన సోడియాన్ని అది బయటికి తోడేస్తూ ఉంటుంది. ఆక్సిజన్ అందకపోతే ఏ.టి.పి. తగ్గుతుంది. పంపు ఆగుతుంది. సోడియం, దానివెంట నీరు లోపలికి చేరి కణం ఉబ్బుతుంది. ఈ దశలో ఆక్సిజన్ అందితే కణం మళ్ళీ కోలుకుంటుంది. ఆలస్యమైతే కణం గోడే చిల్లులు పడుతుంది, లోపలి సరుకు రక్తంలోకి కారిపోతుంది. ఇక దాన్ని బతికించలేం. గుండె కండరానికైతే రక్తం ఆగిన ఇరవై, నలభై నిమిషాల్లోనే ఈ గీత దాటడం మొదలవుతుంది. మీరు లాబ్ రిపోర్టులో చూసే ట్రోపోనిన్, ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. ఇవన్నీ అలా కారిన సరుకే. గోడౌన్ గోడ కూలితే సామాను రోడ్డు మీద పడ్డట్టు. డెంగీలో ఎస్.జి.ఓ.టి. పెరగడం మామూలే. దానికి బెంబేలు పడక్కర్లేదు, కానీ డాక్టరు దాన్ని గమనిస్తూ ఉండాలి.

ఇప్పుడు శత్రువు సంగతి. పగటిపూట కుట్టే ఏడిస్ దోమ చర్మంలోకి వైరస్‌ను వదులుతుంది. చర్మంలో, రక్తంలో మనకు కాపలా కణాలున్నాయి. లోపలికి వచ్చిన దేన్నైనా మింగి అరిగించడం వాటి డ్యూటీ. డెంగీ వైరస్ తెలివి ఏమిటంటే, సరిగ్గా ఆ కాపలా కణాల్లోనే డేరా వేసుకుని పెరుగుతుంది. మన చెక్‌పోస్టులోనే శత్రువు వంట చేసుకున్నట్టు! నాలుగు నుంచి పది రోజులకు జ్వరం వస్తుంది. ఆ జ్వరం, ఒళ్ళు విరిచేసే నొప్పులు, కళ్ళ వెనక పోటు, ఇవి చాలావరకు వైరస్ నేరుగా చేసేవి కావు. ఇంటర్‌ఫెరాన్ వగైరా రసాయనాలతో మన సొంత సైన్యం మోగించే అలారం అది.

అసలు ప్రమాదం అలారం ఆగాక వస్తుంది. సభలో ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకున్నా నాకు చాలు. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య జ్వరం దిగుతుంది. ఇంట్లోవాళ్ళు "హమ్మయ్య, తగ్గింది" అని ఆఫీసుకు పోతారు. సరిగ్గా అప్పుడే కొందరిలో వెంట్రుకకన్నా సన్నని రక్తనాళాల లోపలి పూత దెబ్బతింటుంది. ఎన్.ఎస్.1 అనే వైరస్ ప్రోటీను, మన కణాలు అతిగా వదిలిన రసాయనాలు కలిసి చేసే పని ఇది. రక్తంలోని ప్లాస్మా, అంటే నీటి భాగం, నాళాల్లోంచి కారి పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడుతుంది. ఆక్సిజన్ మోసుకెళ్ళే ప్రవాహం తగ్గుతుంది. అప్పుడు ఇందాక చెప్పిన పంపు కథ శరీరమంతా ఒకేసారి మొదలవుతుంది. దీన్నే షాక్ అంటాం. ఈ గండం 24 నుంచి 48 గంటలు. అది దాటితే కారిన నీరు తిరిగి నాళాల్లోకి వస్తుంది. అప్పుడు కూడా సెలైన్ ఆపకుండా ఎక్కిస్తే ఊపిరితిత్తులు మునుగుతాయి. అందుకే ఇది ఇంట్లో కాంపౌండరు చేత బాటిల్ పెట్టించుకునే జబ్బు కాదు.

మరి ఒకరికి మామూలు జ్వరంగా పోయి, పక్కింటాయనకు ప్రాణం మీదికి ఎందుకు వస్తుంది? దీనికి జవాబు సైన్యం చరిత్రలోనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో కలకత్తా, న్యూగినీ, హవాయిలలో అమెరికా సైనికులకు డెంగీ వస్తే ఆల్బర్ట్ సేబిన్ దాని మీద పరిశోధన చేశాడు. తర్వాత పోలియో చుక్కల మందు కనుక్కున్నది ఈయనే. డెంగీ ఒక్క రకం కాదని తేల్చాడు. ఒక రకం వచ్చిపోతే ఆ రకానికి చాలాకాలం రక్షణ ఉంటుంది, వేరే రకానికి కొన్నాళ్ళే. ఇప్పుడు నాలుగు రకాలని తెలుసు.

రెండోసారి వేరే రకం వచ్చినప్పుడు పాత యాంటీబాడీలు వైరస్‌ను పట్టుకుంటాయి కానీ నిర్వీర్యం చేయలేవు. యాంటీబాడీ తోక కనబడగానే కాపలా కణం "మనవాడే" అనుకుని లోపలికి తీసుకుంటుంది. వైరస్ మన గేట్ పాస్ మీదే గేటు దాటుతుంది! క్యూబాలో 1977లో ఒకటో రకం వచ్చింది, పెద్ద నష్టం లేదు. 1981లో రెండో రకం వచ్చేసరికి 158 మంది పోయారు. మన 1996లో తిరిగిందీ రెండో రకమే. ఈ చిక్కు వల్లే టీకా కూడా ఆలస్యమైంది. 2016, 2017లలో ఫిలిప్పీన్స్‌లో 8 లక్షలకు పైగా పిల్లలకు ఒక టీకా వేశారు. అంతకుముందు డెంగీ రాని పిల్లల్లో అది తర్వాత వచ్చే జబ్బును ముదిరించవచ్చని 2017లో తయారీ కంపెనీయే ప్రకటించింది. మన దేశంలో తయారైన టీకా మీద చివరి దశ పరీక్ష 2024 ఆగస్టులో మన పక్కనే రోహ్‌తక్‌లో మొదలైంది. 10,000 మందికి పైగా దానిలో ఉంటారు. తొందరపడకుండా చేస్తున్నందుకు నాకు సంతోషమే.

ప్లేట్‌లెట్ల గురించి చెప్పకపోతే నన్ను భోజనానికి వెళ్ళనివ్వరు. డెంగీ సీజన్లో అర్ధరాత్రి వచ్చే ఫోన్లన్నీ దీని గురించే: "సార్, నలభై వేలకు పడిపోయింది, డోనరు కావాలి." ఒక రిటైర్డ్ సుబేదార్ సాబ్ అబ్బాయికి అరవై వేలుండగానే ఒక ప్రైవేటు ఆసుపత్రివాళ్ళు ప్లేట్‌లెట్లు ఎక్కించి, పెద్ద బిల్లు వేశారు. అబ్బాయికి ఎక్కడా రక్తం కారడం లేదు. సింగపూర్, మలేషియా డాక్టర్లు 2017లో లాన్సెట్ పత్రికలో ఒక పరీక్ష ఫలితం ప్రచురించారు. 20,000, అంతకంటే తక్కువ ఉన్న పెద్దవాళ్ళకు, రక్తస్రావం పెద్దగా లేకుండా ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించినా రక్తస్రావం తగ్గలేదు. దుష్ఫలితాలు మాత్రం ఎక్కువయ్యాయి. రక్తం కారుతుంటే సంగతి వేరు. ప్లేట్‌లెట్ల పక్కన రిపోర్టులో హిమటోక్రిట్ అని ఇంకో అంకె ఉంటుంది. రక్తం ఎంత చిక్కబడిందో అది చెప్తుంది. మామూలుకంటే ఐదో వంతు పెరిగిందంటే ప్లాస్మా కారుతున్నట్టే. నేనైతే ముందు ఆ అంకె చూస్తాను. బీ.పీ.లో పై అంకె, కింది అంకె దగ్గరపడటం, అంటే 100కి 80 లాగా ఉండటం, ఇంకో హెచ్చరిక.

ఇంట్లో చూడాల్సినవి: విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, చేతులు కాళ్ళు చల్లబడటం, మూత్రం తగ్గడం, మనిషి మగతగా గానీ చిరాగ్గా గానీ ఉండటం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా రాత్రి పన్నెండైనా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే, అదీ డాక్టరు చెప్పిన మోతాదులో. బ్రూఫెన్, డిక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు. అవి కడుపులో రక్తస్రావం తెస్తాయి. గుండె జబ్బుకు రోజూ ఆస్పిరిన్ వేసుకునే పెద్దలు దాన్ని ఆపాలా వద్దా అన్నది సొంతంగా తేల్చుకోకుండా డాక్టరుతో వెంటనే మాట్లాడాలి.

బొప్పాయి ఆకు రసం గురించి వెనక వరసలో అక్కయ్యగారు చెయ్యెత్తుతున్నారు. కొన్ని చిన్న పరీక్షల్లో ప్లేట్‌లెట్లు కాస్త త్వరగా పెరిగినట్టు కనబడింది. ప్లాస్మా కారడాన్ని అది ఆపుతుందనడానికి రుజువు లేదు. తాగితే తాగండి, వాంతి కాకపోతే. దాన్ని నమ్ముకుని ఆసుపత్రి మానకండి.

మలేరియాను దోమ మోస్తుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే. ఆయనా మిలిటరీ డాక్టరే. కానీ ఆయన దోమ రాత్రి కుడుతుంది. బారక్‌లో దోమతెర కట్టుకునే మన అలవాటు ఆ దోమకు సరిపోయింది. ఏడిస్ ఉదయం, సాయంత్రం వెలుతురులో కుడుతుంది, పి.టి. పరేడ్ వేళకూ గేమ్స్ పరేడ్ వేళకూ. కనక నిండు చేతుల చొక్కాలు వేసుకోండి. ఇక కూలర్ల సంగతి. నీళ్ళు వారానికోసారి మార్చడం సగం పనే. దోమ గుడ్లు నీటి అంచున గోడకు అంటుకుని ఉంటాయి. ఎండిపోయినా నెలల తరబడి బతికి, మళ్ళీ నీరు తగలగానే పొదుగుతాయి. కాబట్టి ట్యాంకు ఖాళీ చేశాక గోడలను బ్రష్షుతో గట్టిగా రుద్ది, ఆరబెట్టి అప్పుడు నీళ్ళు పోయండి. దీపావళికి కూలరు అటకెక్కించేటప్పుడు కూడా ఇదే పని చెయ్యాలి. ఇంకేమైనా అడగాలనుకుంటే భోజనాల దగ్గర అడగండి, నేను అక్కడే ఉంటాను.