పద్దు లేని వర్తకము



కౌటిల్యుడు అర్థశాస్త్రమున అక్షపటలమను లెక్కల కార్యస్థానమును వర్ణించి, ఆషాఢ పూర్ణిమకు అధికారులు లెక్కలు తెచ్చి యొప్పగింపవలయునని విధించెను. రాజ్యమునకే తప్పని లెక్క చిన్న యంగడికి అక్కఱలేకుండునా?

మన చిన్న వర్తకులలో పలువురు రాత్రి గల్లాపెట్టె చూచి, అందున్నదెల్ల లాభమని సంతసింతురు. అందు టోకు వర్తకునికి చెల్లవలసిన సొమ్ము కలదు; అంగడి అద్దె కలదు; ప్రభుత్వమునకు కట్టవలసిన పన్ను కలదు. ఇంటికి గొనిపోయిన బియ్యము, పప్పు పద్దున కెక్కనిచో, సరకు తరుగుట తెలియునే గాని కారణము తెలియదు.

అరువు సంగతి విచారింతము. 90 రూపాయల సరకును 100 రూపాయలకు అమ్మినచో లాభము 10 రూపాయలు. అట్టి యరువొకటి మునిగినచో, పోయిన 90 రూపాయలు పూడుటకు మఱి తొమ్మిది యమ్మకముల లాభము ధారవోయవలయును. ఖాతా చూడని వర్తకుడు ఆ తొమ్మిదింటిని లాభమనియే యెంచుచుండును.

1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టము ననుసరించి, అరువు సరకుల బాకీకి సాధారణముగా మూడేండ్లే గడువు. ఆ లోపల బాకీదారుడు వ్రాతపూర్వకముగా ఒప్పుకొని సంతకము చేసినచో గడువు మరల మొదలగును. కావున ఖాతా వ్రాయుటతో పాటు సంతకమును గైకొనవలయును. యజమాని బాకీలన్నియు మనసున నుంచుకొని కన్నుమూసినచో, ఇచ్చినవి అడుగుటకు ఆధారముండదు. అప్పులవారు మాత్రము కాగితములతో గుమ్మమున నిలుతురు. ఆ భారము భార్యాబిడ్డలపై బడును.

2017 జూలై 1 నుండి వస్తుసేవల పన్ను అమలులోనికి వచ్చినది. నమోదైన వర్తకుడు సరియైన కొనుగోలు బిల్లు లేనిచో, కొన్నప్పుడు కట్టిన పన్నును అమ్మకపు పన్నునుండి తగ్గించుకొనజాలడు. పోగొట్టుకొన్న బిల్లు పోగొట్టుకొన్న ధనమే.

తీరిక లేదనువారికి మా మనవి యిది. దినమున కొకమారు చిట్టా వ్రాయుడు. ఇంటి వాడుకను వేఱుగా చూపుడు. నెల కొకమారు బాకీలు సరిచూడుడు. ఏట నొకమారు సరకు నిల్వ లెక్కింపుడు. పుస్తకమైన నేమి, కంప్యూటరైన నేమి, వ్రాసినదానిని చదువుటయే ముఖ్యము. లోపము మొదటి నెలలోనే కనబడినచో దిద్దుకొనవచ్చును. మూలధనము కరగిన పిమ్మట కనబడి ప్రయోజనమేమి?

దాతలు మన విద్యార్థులకు వేతనము లొసంగుచున్నారు. దానితోడ బాలబాలికలకు జమాఖర్చులు వ్రాయుటయు నేర్పించినచో, ఆ ధర్మము ఇంటింట నిలుచునని మనవి చేసి విరమించుచున్నాము.